శనివారం సినిమాలు, సగం చీర

మా కాలేజీలో స్పానిష్ సినిమాలు వేస్తారని తెలిసినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వేరే సంగతి. వనపర్తిలో ఏళ్ల తరబడి గెస్ట్ లెక్చరర్‌గా ఇంగ్లిష్ చెబుతున్నాను. పిల్లలకు సొంతంగా ఒక వాక్యం రాయడం రాదు, లైబ్రరీలో ఫ్యాన్లు తిరగవు, ఆడపిల్లల బాత్‌రూమ్ తలుపుకు గొళ్లెం లేదు. ఇప్పుడు వీటన్నిటి మధ్యా స్పెయిన్ సినిమాలట. హైదరాబాద్ నుంచి ఎవరో సినిమా అభిమానులు జిల్లా కాలేజీల్లో ఉచితంగా చూపిస్తామని వచ్చారు. స్పెయిన్‌లోనూ, అదే భాష మాట్లాడే మెక్సికో, అర్జెంటీనా, చిలీ లాంటి దేశాల్లోనూ ఈ మధ్య తీసిన సినిమాలు, శనివారం మధ్యాహ్నానికి ఒకటి. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి ఫొటోలు పనికొస్తాయని ప్రిన్సిపాల్ ఒప్పుకుని, బాధ్యత నా నెత్తిన పెట్టాడు. స్పానిష్‌కీ నాకూ ఏం సంబంధమని అడిగాను.

"కింద ఇంగ్లిష్‌ల అక్షరాలు పడ్తయంట గద మేడమ్" అన్నాడు.

మొదటి శనివారం సెమినార్ హాలు నిండింది. రాకపోతే హాజరు వెయ్యబోమని బెదిరించాం మరి. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి సినిమా పెట్టాం. సముద్రం పక్కన ఏదో ఊళ్లో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు ఒక ఇంటి కోసం కొట్లాడుకునే కథ. మంచి నవ్వు సినిమా. వాళ్లు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు, కింద ఇంగ్లిష్ అక్షరాలు వచ్చినంత వేగంగా పోతాయి. పిల్లలు కాసేపు చూసి ఫోన్లు తీశారు. ప్రొజెక్టర్ దగ్గర కూర్చునే మా అటెండర్, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ సాయిబు, నా వైపు తిరిగాడు.

"మేడమ్, మీకు సమజైతుంది, మీరొక్కరే నవ్వుతున్రు. మాకు జర చెప్పరాదు?"

మైకు తీసుకున్నాను. "నేను ఈ గృహాన్ని విడిచి వెళ్లను" అని మొదలుపెట్టాను. హాలంతా గొల్లుమంది. ఆ ముసలామె మాటలకు కాదు, నా మాటలకు. నాకు రోషం వచ్చి పుస్తకాల తెలుగు పక్కన పెట్టేశాను. "ఈ ఇల్లు ఇడిసిపెట్టి యాడికీ పోను, ఏం జేస్కుంటవో జేస్కో పో" అన్నాను. ఈసారి ముసలామెను చూసి నవ్వారు. ఫోన్లు లోపలికి వెళ్లాయి. 'ఆమె ఇలా అంటోంది, ఈయన అలా అంటున్నాడు' అని చెప్పే తీరిక ఉండేది కాదు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్లయిపోయి 'నేను' అనే చెప్పేదాన్ని. తర్వాత శనివారాలన్నీ అదే పద్ధతిలో నడిచాయి. శుక్రవారం సినిమా ఇంట్లో ఒకసారి చూసుకునేదాన్ని, శనివారం మైకులో మా పాలమూరు మాటల్లో అందరినీ మాట్లాడించేదాన్ని. ముద్దుల సీన్ వస్తే ప్రొజెక్టర్ ముందు అట్టముక్క అడ్డం పెట్టాలని ప్రిన్సిపాల్ ఆజ్ఞ. సాయిబు అట్టముక్క పట్టుకుని సిద్ధంగా కూర్చునేవాడు. మనుషులు దగ్గరగా వచ్చి మాట్లాడుకున్నా పెట్టేసేవాడు. ఒకసారి తల్లి కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే అదీ మాకు కనపడలేదు.

ఇంటి సంగతి చెప్పకుండా ఈ సినిమాల సంగతి చెప్పలేను. మాది గద్వాల, నేత ఇల్లు. నాన్న పోయాక మగ్గం తమ్ముడి చేతికి వచ్చింది. నా పెళ్లి సంగతి ఇక్కడ అవసరం లేదు. తిరిగొచ్చి అమ్మ దగ్గరే ఉంటూ రోజూ బస్సులో వనపర్తి వెళ్లొస్తుంటాను. తమ్ముడి భార్య, మా మరదలు, నాగర్‌కర్నూల్ వైపు పిల్ల. వాళ్ల ఇంట్లోనూ మగ్గం ఉంది కానీ గద్వాల పని ఆమెకు కొత్త. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటికీ అడ్డపోగు లాగే వేరువేరు నాడెలు. ఒళ్లు నేసుకుంటూ, అంచు నేసుకుంటూ, రెండూ కలిసే చోట పోగుకు పోగు ముడేసుకుంటూ పోవాలి. ఒక్కరి చేతులతో సాగే పని కాదు. మగ్గం మీద వాడు కూర్చుంటే పక్కన ఆమె కూర్చుని అంచు నాడె అందించేది. కొత్తలో ఆమె చెయ్యి ఆలస్యమయ్యేది, వాడు విసుక్కోకుండా ఆగేవాడు. నేను కాలేజీకి తయారవుతుంటే ముందు గదిలోంచి ఇద్దరి నవ్వులు వినపడేవి.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇద్దరు కూర్చుని చీర మొదలుపెడితే ఆ ఇద్దరే దాన్ని మగ్గం మీంచి దించాలి. మధ్యలో ఒకరికి జ్వరమొస్తే మగ్గం ఆగుతుంది, అంతే గాని ఆ చోట ఇంకొకరు కూర్చోరు. చీర అయిపోయాక ఇద్దరూ ఒకే కత్తి మీద చెయ్యి వేసి పడుగు, అంటే నిలువు పోగులు, కోస్తారు. అందరి ఇళ్లలో ఇలా ఉందో లేదో నాకు తెలియదు. నాయనమ్మ నుంచి అమ్మకు వచ్చింది, అమ్మ మాకు నేర్పింది.

పని గిట్టక, ఒక చీర సగంలో ఉండగా తమ్ముడు ముంబై దగ్గర భివండి పవర్‌లూమ్‌లో పనికి వెళ్లాడు. "జర ఓపిక పట్టుండ్రి, ఒచ్చి నేనే దించుత" అన్నాడు. పోయిన కొన్నాళ్లకే కరోనా వచ్చి అంతా బందైంది. మన వైపు వాళ్లతో కలిసి నడక మొదలుపెట్టాడు. దారిలో జ్వరమొచ్చింది. ఒక టోల్‌గేట్ దగ్గర నీడలో కూర్చుని, "మీరు నడువుండ్రి, నేనొస్త" అన్నాడట. వాళ్లు నడిచారు. ఇల్లు చేరిన తర్వాత ఇద్దరు మా గుమ్మం ముందు దూరంగా నిలబడి, తలలు వంచుకుని ఆ మాట చెప్పారు. నేను ఆ ఇద్దరినీ చాలాకాలం తిట్టుకున్నాను, ఇప్పటికీ తిట్టుకుంటాను. వాళ్లకూ జ్వరమేనని నాకు తెలుసు.

బస్సులు, రైళ్లు తిరిగాక ఆ దారి పొడవునా వెతికాం. దవాఖానలు, పోలీసు స్టేషన్లు, శవాల గదులు. వాడి పేరు ఎక్కడా లేదు. వాడి ఒళ్లూ లేదు. కాలిస్తే బూడిదైనా ఉంటుంది, మాకు అదీ లేదు.

అమ్మకు మాత్రం ఆ చివరి మాట దొరికింది. "నేనొస్త అన్నడు గద. ఒస్తడు" అంటుంది. మగ్గం మీద సగం చీరకు తెల్లగుడ్డ కప్పింది. రోజూ పొద్దున ఆ గుడ్డ దులిపి, ఊదుబత్తి వెలిగించేది. కొడుకు వచ్చి చీర దించిన నాడు దాన్ని మల్దకల్ తిమ్మప్ప గుళ్లో అమ్మవారికి ఇస్తానని మొక్కుకుంది. ఎవరైనా పరామర్శకు వచ్చి "ఉంటే గింతకాలం..." అని నసిగితే లేచి లోపలికి వెళ్లిపోయేది. చావు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు. ఒకసారి వంటింట్లో మరదలు ఏడుస్తుంటే అమ్మ చూసింది.

"బతికున్న మొగని కోసం ఏడుస్తరా? అశుభం. కండ్లు తుడుసుకో" అంది.

అంత గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఏడుపు లేదు. నేనైతే గిన్నెలు ఎత్తేసేదాన్ని, కాలేజీలో పిల్లల మీద అరిచేదాన్ని, నాకు అది సరిపోయింది. మరదలికి ఏ దారీ లేదు. పెద్ద బొట్టు పెట్టుకోవాలి, శుక్రవారం పూలు పెట్టుకోవాలి, మొగుడున్న ఆడదానిలా తిరగాలి. వేరేవాళ్ల మగ్గానికి పోయి అంచు నాడె అందించి వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చి తన మగ్గం పక్కనుంచే వంటింట్లోకి వెళ్లేది. దాని వైపు చూసేది కాదు. మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. ఈ పిల్ల ఒకనాటికి మొత్తానికే మూగదైపోతుందని నాకు భయంగా ఉండేది. అమ్మ ఒక్క మాట అంటే ఆమె ఏడ్చి తేలికపడుతుంది. ఆ మాట అమ్మ నోట రాదు. నేను అందామంటే అమ్మను చంపినట్టవుతుందని ఊరుకునేదాన్ని.

అక్కచెల్లెళ్ల సినిమా చూపించిన నాడు ఇంటికొచ్చి అన్నం దగ్గర ఆ కథ చెప్పాను. మరదలు ముద్ద చేతిలో పట్టుకుని విన్నది. "నేను గూడ ఒస్త వదినా?" అంది. ఆమె ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్లయిందో. బస్సు ఆడవాళ్లకు ఊరికే, సినిమా ఊరికే. "పోనియ్యి, జర గాలి మారుతది" అంది అమ్మ.

తర్వాత శనివారం నుంచి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి. ఆమె కిటికీ పక్కన కూర్చునేది. హాల్లో వెనక వరసలో గోడ పక్కన ఒక కుర్చీ తనది చేసుకుంది. తిరుగు బస్సులో ఆమె మొహం కొంచెం తేటగా ఉండేది. రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకునేది. సినిమా ఇంత మేలు చేస్తుందని నాకు తెలియక ఇన్నాళ్లూ వెక్కిరించానే అనుకున్నాను. నా మైకు గొప్పతనం కూడా ఉందని లోలోపల కాస్త మురిసిపోయాను.

ఆ మురిపెం సాయిబు దించాడు. సినిమా అయ్యాక వైర్లు చుడుతూ మెల్లగా అన్నాడు.

"మేడమ్, మీ మరదలికి పానం బాగలేదా? అందరు నవ్వుతున్నప్పుడు ఆమె ఏడుస్తుంది. పోయిన వారం గూడ చూసిన."

నేను తెర వైపు చూస్తూ మాట్లాడేదాన్ని, హాలు వైపు నా వీపు ఉండేది. నాకేం తెలుస్తుంది? బస్సులో అడిగాను. ఆమె దాచలేదు.

"ఇంట్ల ఏడిస్తె అత్తమ్మకు పడదు. పని కాడ ఏడిస్తె పోగు తెగుతది. గీడ చీకట్ల ఎవ్వరు అడగరు" అంది.

"అయితే ఏడుపు సినిమాకు ఏడ్వు. నవ్వే సినిమాకు ఏడుస్తె జనం ఏమనుకుంటరు?"

"నవ్వే సినిమానే మంచిగుంటది వదినా. అందరు నవ్వుతుంటె నా సప్పుడు ఇనరాదు."

పెబ్బేరులో ఎవరో మామిడికాయల గంప ఎక్కించారు, దానికి చోటు ఇవ్వడానికి ఇద్దరం కాళ్లు ముడుచుకున్నాం. తర్వాత వారం నుంచి నవ్వు వచ్చే చోట నా గొంతు పెంచేదాన్ని. పిల్లలు ఎంత గట్టిగా నవ్వితే ఆమెకు అంత మంచిది. నా మైకు ఎవరికి పనికొస్తుందో అప్పటికి నాకు అర్థమైంది.

అలా కొన్ని వారాలు గడిచాక నాగర్‌కర్నూల్ నుంచి మరదలి అన్న వచ్చాడు. మంచివాడే. చాప మీద కూర్చుని, చాయ్ తాగి, కొల్లాపూర్ వైపు ఒక సంబంధం ఉందని చెప్పాడు. భార్య పోయినవాడు, మామిడితోట కౌలు చేస్తాడు.

"అత్తా, మీ బిడ్డ లెక్క చూసుకున్నరు, నేను కాదంటలేను. గిట్ల ఎన్ని రోజులు? మీరొక్క మాట అంటె మేం తోల్కపోతం" అన్నాడు.

"ఏ మాట?" అంది అమ్మ.

ఆయన అనలేకపోయాడు. అమ్మ కప్పు తీసుకుని లేచింది. "వాడొచ్చి అడిగితె నేనేం చెప్పాలె? నీ పెండ్లాన్ని ఇచ్చేసిన అని చెప్పాల్నా?" అంది. మరదలు గడప దగ్గర నిలబడి కాలి మెట్టె వైపు చూస్తోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంబంధం ఆయన ఎంతోకాలం నిలపలేకపోయాడు, ఆ కొల్లాపూర్ మనిషి తర్వాత ఇంకెవరినో చేసుకున్నాడు.

కానీ అన్న వచ్చిపోయిన నాటి నుంచి అమ్మకు అనుమానం మొదలైంది. శనివారం శనివారం తయారై వనపర్తి పోతోంది, మొహం తేటగా తిరిగొస్తోంది, అక్కడ ఎవరైనా ఉన్నారా అని. పక్కింటావిడ కూడా ఏదో ఊదినట్టుంది. ఆ శనివారం పొద్దున మేం చెప్పులు వేసుకుంటుంటే అమ్మ పట్టుచీర కట్టుకుని, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

"నేను గూడ ఒస్త. గదేందో నేను గూడ చూస్త" అంది.

వద్దనడానికి సాకు వెతుక్కున్నాను. ఎందుకంటే ముందు రోజు నేను ఆ సినిమా చూశాను. అది ఆఖరి సినిమా. ఎండిపోయిన నేలలున్న దేశం. అక్కడ మనుషులు మాయమైపోతుంటారు. వాళ్ల తల్లులు గుంపులుగా బయల్దేరి, నేలలోకి ఇనుప చువ్వలు దిగ్గొట్టి, పైకి తీసి శవం వాసన ఉందేమో చూస్తారు. వాళ్లతో పోకుండా ఇంట్లోనే కూర్చునే ముసలామె ఒకతి ఉంటుంది. కొడుకు వస్తాడని రోజూ మధ్యాహ్నం కంచం పెడుతుంది. చివరికి ఎవరో మట్టి అంటుకున్న చొక్కా ఒకటి తెస్తారు. దాని గుండీ ఆమె వేరే రంగు దారంతో కుట్టినది. అప్పుడు ఆమె ఒక మాట అంటుంది. ఆ మాట మైకులో అనాల్సింది నేను.

ఇయ్యాల సినిమా లేదంట అని చెప్పి ఉండొచ్చు. చెబితే అమ్మ అనుమానం రుజువైపోతుంది. బస్సులో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. అమ్మకు స్పానిష్ రాదు, ఇంగ్లిష్ రాదు. 'గిది నా కొడుకు అంగి గాదు' అని నేనంటే చాలు. పిల్లల్లో ఎవరో ఒకరు కింద అక్షరాలు చదివినా మేడమ్ పొరపాటు పడిందనుకుంటారు. కృష్ణ బ్రిడ్జి మీద అమ్మ చీరకొంగు ముడి విప్పి, రూపాయి కళ్లకద్దుకుని నదిలోకి వేసింది. ఆ బ్రిడ్జి దాటినప్పుడల్లా వేస్తుంది, కొడుకు రావాలని. అది చూసి మాట మార్చేద్దామనే నిర్ణయించుకున్నాను.

హాల్లో అమ్మ మరదలి పక్కనే కూర్చుంది. ముందుగా అటూ ఇటూ చూసింది. ఇరవై నిండని పిల్లలు, సాయిబు, నేను. అనుమానించడానికి ఎవరూ లేరు. సినిమా మొదలయ్యాక అమ్మ నిటారుగా కూర్చుని చూడసాగింది. ఆ రోజు నేను గోడకు ఆనుకుని, తెరా హాలూ రెండూ కనపడేలా నిలబడ్డాను. నవ్వడానికి ఆ సినిమాలో ఏమీ లేదు. ముసలామె కంచం పెట్టిన చోట అమ్మ తల ఊపింది. చువ్వల ఆడవాళ్లు వచ్చి తమతో రమ్మని పిలిస్తే ముసలామె తలుపు వేసుకుంటుంది. "మంచిగ చేసింది" అంది అమ్మ, పక్క వరసకు వినపడేలా.

చొక్కా వచ్చే సీన్ దగ్గరపడింది. నేను మార్చిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని మరదలి వైపు చూశాను. తెర వెలుగులో ఆమె మొహం కనిపించింది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. పక్కన అత్తగారుంది కదా. ఈ భూమి మీద ఆమె ఏడవడానికి దొరికిన ఒకే ఒక్క కుర్చీ అది, అదీ ఆ రోజు లేకుండా పోయింది. నాకు ఒళ్లు మండింది. అమ్మ మీదో, తమ్ముడి మీదో, ఆ టోల్‌గేట్ మీదో, ఎవరి మీదని చెప్పలేను. తెర మీద ముసలామె గుండీ పట్టుకుని నోరు తెరిచింది. ఆమె ఏమన్నదో అదే చెప్పాను, ఒక్క మాట తీయలేదు.

"గిది నా కొడుకు అంగి. గీ దారం నేను కుట్టిందే. నా కొడుకు ఇగ రాడు. నా కొడుకు సచ్చిపోయిండు. జర నన్ను ఏడ్వనియ్యుండ్రి."

"గట్ల అనకు" అంది అమ్మ.

గట్టిగానే అంది. ఆ ముసలామెతో అన్నదో నాతో అన్నదో తెలియదు. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. అప్పుడు మరదలి నోట్లోంచి కొంగు జారిపోయింది, ఇన్నేళ్ల ఏడుపు హాలంతా వినపడింది. సాయిబు సినిమా ఆపబోయి నా మొహం చూసి ఆపలేదు. మిగతా సినిమాకు నేను మాట చెప్పలేకపోయాను, ఎవరూ చెప్పమనలేదు. అమ్మ తెర వైపు మళ్లీ తిరగలేదు. లైట్లు వేసేదాకా కోడలి మొహమే చూస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో సీట్లు ముగ్గురికీ ఒకేచోట దొరికాయి. పెబ్బేరు దాటాక అమ్మ కోడలి వైపు తిరిగింది.

"ప్రతి శనివారం గిట్లనే ఏడుస్తవా?" అంది అమ్మ.

"అవ్ అత్తమ్మా."

"గిందుకేనా ఒచ్చేది?"

"గిందుకే."

"వాని కోసమేనా?"

మరదలు మొదటిసారి అత్తగారి కళ్లలోకి చూసింది. "ఇంకెవరున్నరు నాకు?" అంది.

బ్రిడ్జి వచ్చింది. అమ్మ అలవాటుగా కొంగు ముడి విప్పింది. రూపాయి తీసి పిడికిట్లో పట్టుకుంది. నీళ్లు దాటిపోయాయి, బస్సు అవతలి గట్టు ఎక్కింది. ఎర్రవల్లి చౌరస్తాలో దిగేటప్పుడు కూడా ఆ పిడికిలి మూసే ఉంది.

ఆ రెండు మూడు రోజులు అమ్మ గుడ్డ దులపలేదు. మగ్గం దగ్గర ఊదుబత్తి వెలగలేదు. నేను చెప్పింది తప్పని నాకు అనిపించలేదు, కానీ ఇంట్లో నడవాలంటే భయమేసింది. తర్వాత ఒక పొద్దున నేను చాయ్ తాగుతుంటే ముందు గదిలో గుడ్డ దులిపిన చప్పుడైంది. వెళ్లి చూస్తే సగం చీర బయటపడి ఉంది. మామిడిపండు రంగు ఒళ్లు, ఎర్ర అంచు. పడుగు వదులై కిందికి వేలాడుతోంది. అమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి, తమ్ముడు కూర్చునే చోట కూర్చుంది. ఆ చోట ఇంకొకరు కూర్చోకూడదని మాకు నేర్పింది ఆమే.

"ఒచ్చి కూసో బిడ్డా" అంది కోడలితో.

మరదలు తన చోట కూర్చుంది. అమ్మ ఆగిపోయిన నాడె వెతికి పట్టుకుంది. సగంలో ఉన్న వరసను అలా వదిలి కోయకూడదు. అమ్మ నాడె విసిరింది, మరదలు అంచు నాడె అందించింది. వాళ్ల చేతులు మొదట తడబడ్డాయి. మరదలు ఆలస్యమైతే అమ్మ ఆగింది. వరస మూసుకున్నాక అమ్మ చీర దించే కత్తి తీసింది.

"నా చెయ్యి వాని చెయ్యనుకో. పట్టుకో" అంది.

ఇద్దరూ ఒకే కత్తి మీద చెయ్యి వేసి పడుగు కోశారు. ఒక్కో పోగు తెగుతుంటే టప్ టప్ మని చప్పుడు వచ్చింది. సగం చీర జారి అమ్మ ఒళ్లో పడింది. అది కట్టుకోవడానికి చాలదు, గుళ్లో ఇవ్వడానికి పనికిరాదు. అమ్మ దాన్ని చేత్తో నిమిరింది.

"నా కొడుకు సచ్చిపోయిండు" అంది. తర్వాత కోడలి తల మీద చెయ్యి పెట్టి, "ఇగ ఏడువు బిడ్డా. ఇంట్లనే ఏడువు. ఎవరేమంటరో నేను చూస్త" అంది.

అని తనే ఏడ్చింది. గుండెలు బాదుకుని ఏడ్చింది, వాడు చిన్నప్పుడు అన్నం తినకుండా పరిగెత్తిన సంగతి నుంచి అన్నీ తవ్వుకుని ఏడ్చింది. పక్కింటి ఆడవాళ్లు వచ్చారు. నేనూ ఏడ్చాను. సిగ్గు లేకుండా, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాను. ఇన్నాళ్లూ మా గడప తొక్కడానికి భయపడిన వాళ్లంతా వచ్చి కూర్చుని ఏడ్చారు.

మరదలు ఏడవలేదు. కూర్చున్న చోటే కూర్చుని తెగిన పోగుల వైపు చూస్తోంది. ఎవరో ఆమెను గుండెకు హత్తుకున్నారు, ఎవరో "ఏడువమ్మా, లోపల పెట్టుకోకు" అన్నారు. ఆమె వాళ్ల మొహాల వైపు మర్యాదగా చూసింది. కళ్లు పొడిగా ఉన్నాయి. అమ్మ రెండుసార్లు ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది, ఏదైనా తడి ఉందేమోనని.

సాయంత్రానికి జనం వెళ్లిపోయారు. అమ్మ ఏడ్చి ఏడ్చి ఆ సగం చీర మీదే పడుకుని నిద్రపోయింది. నేను వాకిట్లో చెంబు కడుగుతుంటే మరదలు నా వెనక వచ్చి నిలబడింది.

"వదినా, ఈ శనివారం ఏ సినిమా?" అంది.

"అయిపోయినయి. పోయిన వారందే ఆఖరుది" అన్నాను.

"మల్ల ఎప్పుడేస్తరు?"

తెలియదన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్లి, మగ్గానికి వేలాడుతున్న తెగిన పోగులను ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది.